రసాయన బంధము : పొరుగు భాషల నడుమ తెలుగు విద్యార్థి
(మాధ్యమిక పాఠశాలా పరిభాషపై ఒక విమర్శ)

1. ప్రస్తావన

మాధ్యమిక పాఠశాలలో చదువు రసాయనశాస్త్రము నంతటిని ఒక్క త్రాట కూర్చి నిలుపునది రసాయన బంధమును గూర్చిన పాఠము. ఉప్పు నీట కరగి విద్యుత్తును పోనిచ్చుటకును, చక్కెర నీట కరగియు విద్యుత్తును పోనీయకుండుటకును, బంగారము రేకుగా సాగుటకును, వజ్రము గాజును కోయుటకును మూలకారణము ఒక్కచోటనే ఉన్నది. ఆయా పదార్థములలో పరమాణువులు ఏ తీరున కూడియున్నవో, ఏ ఆకృతిలో అమరియున్నవో తెలిసినచో తక్కిన గుణములు చాలవరకు ఊహకు అందును. ఈ పాఠము ఒంటబట్టని విద్యార్థికి రసాయనశాస్త్రము వల్లెవేయవలసిన సంకేతముల పట్టికగా మిగిలిపోవును.

ఈ భావన పుట్టి నూరేండ్లకు కొంచెము మాత్రమే మించినది. 1916లో అమెరికాలో గిల్బర్ట్ లూయిస్, జర్మనీలో వాల్టర్ కోసెల్ వేర్వేరుగా దీనికి పునాది వేసిరి. రెండు పరమాణువులు ఒక ఎలక్ట్రాన్ జంటను ఉమ్మడిగా ఉంచుకొనుట బంధమని లూయిస్ భావించెను. ఎలక్ట్రాన్లు ఒకచోటి నుండి మరియొకచోటికి పోగా ఏర్పడు అయాన్ల ఆకర్షణను కోసెల్ వివరించెను. 1927లో హైట్లర్, లండన్ అను ఇరువురు హైడ్రోజన్ అణువునకు క్వాంటం సిద్ధాంతమును అన్వయించిరి. 1939లో లైనస్ పౌలింగ్ రసాయన బంధ స్వభావమును గూర్చిన తన ప్రసిద్ధ గ్రంథమును వెలువరించెను. ఇంత స్వల్పకాలములో ఇంత సూక్ష్మమైన విషయము పదునాలుగు, పదునైదేండ్ల బాలబాలికల పాఠ్యాంశమగుట మెచ్చదగిన సంగతి. తెలుగు రాష్ట్రములలో 2010 తరువాతి దశకమున వాడిన పదవ తరగతి గ్రంథములో బంధమునకు ఒక ప్రత్యేక పాఠమే కేటాయించి, అణువుల ఆకృతులను, సంకరీకరణమును కూడ చేర్చిరి. ఆ గ్రంథకర్తల ఉత్సాహము శ్లాఘనీయము.

ఐనను తెలుగు సీమకు వెలుపల తరతరములుగ స్థిరపడిన కుటుంబముల బిడ్డల వైపు నుండి చూచినప్పుడు ఈ పాఠమునకు వేరొక రూపము కనబడును. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు మాతృభాషలో బోధన కల్పింపవలెనని రాష్ట్రములను ఆదేశించుచున్నది. కాని ఆ ఆదేశము ప్రాథమిక దశ వరకే. రసాయన బంధమో, ఆ దశ గడచిన తరువాత వచ్చును. అనగా మాతృభాషకు రాజ్యాంగము పట్టిన గొడుగు ముగిసిన తావుననే అన్నింటికంటె సున్నితమైన శాస్త్రభావన ఆరంభమగుచున్నది. హోసూరు బాలుడు తమిళములోనికి, కోలారు బాలిక కన్నడములోనికి, షోలాపురము పిల్లలు మరాఠీలోనికి, బరంపురము పిల్లలు ఒడియాలోనికి ఆ దశలో మరలవచ్చును. ఆ పైమెట్టున ఇంగ్లీషు కాచుకొనియుండును. యానాంలో మాత్రము చిరకాలము ఆంధ్రదేశపు పాఠ్యప్రణాళికయే నడచినందున ఈ చిక్కు అంతగా కనబడలేదు. ఇంటిలో తెలుగున విన్న మాట బడిలోని మాటకు ఆసరా కావలెను. కాని అడ్డు కారాదు. ఈ ఒరపిడిరాతిపై గీచి చూచినప్పుడు నేటి తెలుగు పరిభాష ఎంత నిలుచునో, ఎక్కడ తప్పునో పరిశీలించుట అవసరము.

2. అణువు ఎవరిది?

తెలుగులో పరమాణువు మూలకము యొక్క కడపటి కణము. పరమాణువులు కూడగా ఏర్పడునది అణువు. కన్నడము, ఒడియా కూడ ఇట్లే వాడుచున్నవి. కాని తమిళమున ‘అణు’ అనగా తెలుగువారి పరమాణువే. అణువును వారు ‘మూలక్కూఱు’ అందురు. ఈ మాట తెలుగు చెవికి ‘మూలకము’ వలె వినబడును. కావున తమిళనాటి తెలుగు బాలునికి ఒక్క వాక్యమున రెండు ఉచ్చులు సిద్ధముగ ఉన్నవి. వాడు పరమాణువును అణువనుకొనును, అణువును మూలకమనుకొనును. మరాఠీలో పరిస్థితి వేరు. అక్కడ ‘అణూ’ పరమాణువు, ‘రేణూ’ అణువు. తెలుగున రేణువు ధూళికణము మాత్రమే. షోలాపురపు విద్యార్థికి రేణువు శాస్త్రపదముగ కనబడినప్పుడు ఇంటి భాష అతనికి దుమ్మును చూపును.

ఈ భేదమునకు ఏ ఒక్క భాషను తప్పుపట్టుట న్యాయము కాదు. వైశేషిక దర్శనమున పరమాణువు, ద్వ్యణుకము, త్ర్యణుకము అను మెట్లు కలవు. కిటికీలో నుండి పడు ఎండలో కదలాడు త్రసరేణువు వారి లెక్కలో కంటికి కనబడు కనిష్ఠ ద్రవ్యము. ఆ ప్రాచీన నిధి నుండియే అన్ని భాషలును మాటలు తెచ్చుకొన్నవి. తెచ్చుకొన్న మాటలను వేర్వేరు అరలలో పెట్టుకొన్నవి. అంతేకాక తెలుగు సైతము తన నియమమును తాను పాటించుట లేదు. పాఠములో పరమాణువని నేర్చిన విద్యార్థి వార్తాపత్రికలో అణుబాంబు, అణుశక్తి అని చదువుచున్నాడు. ఆ శక్తి పరమాణు కేంద్రకమునకు చెందినదే కాని అణువులకు చెందినది కాదు. పత్రికల వాడుక తమిళ, మరాఠీ పద్ధతిన, పాఠశాల వాడుక కన్నడ, ఒడియా పద్ధతిన నడచుచున్నదన్న మాట.

ధాతువు కథ ఇంతకంటె విచిత్రము. తెలుగు పాఠములో ధాతువు అనగా లోహమును తీయుటకు అనువైన ఖనిజము. తమిళ ‘తాదు’ కూడ అదియే. కన్నడమున ‘ధాతు’ అనగా మూలకము. మరాఠీ, ఒడియాలలో ‘ధాతు’ అనగా లోహము. మరాఠీలో ‘లోహ’ అన్నచో ఇనుము. కావున తెలుగున లోహబంధమని చదివిన విద్యార్థి మరాఠీ చెవితో విన్నయెడల ఇనుమునకు మాత్రమే చెందిన బంధమని భ్రమించుటలో వింత లేదు. తెలుగు సమ్మేళనము మరాఠీలో సభయగును. రెండు మూలకముల కలయికను గూర్చి చెప్పుచుండగా సాహిత్యసభ స్ఫురించుట నవ్వు పుట్టించునది కావచ్చును గాని, పరీక్షలో మార్కులు పోగొట్టుకొన్న పిల్లవానికి అది నవ్వు కాదు.

బంధము అను మాట ఈ విషయమున అదృష్టము చేసికొన్నది. కన్నడ, మరాఠీ, ఒడియాలలో అదియే మాట. తమిళమున మాత్రము ‘పిణైప్పు’. తెలుగున ‘పెనవేయు’ అను క్రియ యెరిగిన వారికి దాని భావము పరాయిది కాదు. పాఠము యొక్క నడుమ ఉన్న మాట అన్ని చోట్ల నిలిచియుండగా చుట్టునున్న మాటలు చెదరియుండుట ఈ పరిభాష యొక్క స్థితి.

3. ‘సమ’యా, ‘సహ’యా?

పైన చెప్పినవి భాషల నడుమనున్న చిక్కులు. ఇక తెలుగు పరిభాషలోనే ఉన్న ఒక లోపము విచారింపదగియున్నది. ఎలక్ట్రాన్ జంటను ఉమ్మడిగా ఉంచుకొను బంధమును తెలుగువారు ‘సమయోజనీయ బంధము’ అందురు. 1919లో ఇర్వింగ్ లాంగ్మ్యూర్ కల్పించిన ఇంగ్లీషు పదమున ముందున్న ముక్కకు ‘కూడి’, ‘కలిసి’ అని అర్థము. మరాఠీలో ‘సహసంయుజ’, హిందీలో ‘సహసంయోజక’, కన్నడమున ‘సహవేలెన్సీయ’, తమిళమున ‘సగప్పిణైప్పు’ అనుచు అందరును ‘సహ’ అను భావమునే నిలుపుకొన్నారు. తెలుగున మాత్రము ‘సమ’ వచ్చి కూర్చున్నది. తెలుగు విద్యార్థికి సమ అనగా సమానము. సమబాహు త్రిభుజము, సమభాగము, సమానహక్కు అను మాటలు అతడు ఎరిగినవే. కావున సమయోజనీయ బంధమన్నప్పుడు ఎలక్ట్రాన్లు సరిసగముగ పంచుకొనబడునని అతడు గ్రహించును. మాట అట్లు చెప్పుచుండగా వానిని తప్పుపట్టుటకు వీలు లేదు.

కాని సరిసగము పంపకము రెండు ఒకే తరహా పరమాణువుల నడుమ మాత్రమే సహజము. హైడ్రోజన్ అణువులోను, క్లోరిన్ అణువులోను అట్లే జరుగును. హైడ్రోజన్ క్లోరైడులో జరుగదు. పౌలింగ్ 1932లో ప్రతిపాదించి, తరువాత సవరింపబడిన ఋణవిద్యుదాత్మకతా మానము ప్రకారము హైడ్రోజన్ విలువ 2.20, క్లోరిన్ విలువ 3.16. అందువలన ఉమ్మడి జంట క్లోరిన్ వైపునకు ఒరిగియుండును. ఆ కొనయందు కొంత ఋణావేశము, హైడ్రోజన్ కొనయందు కొంత ధనావేశము నిలుచును. నీటిలోని బంధములు, అమ్మోనియాలోని బంధములు ఇట్టివే. ఉమ్మడి కుటుంబములో అందరును కలిసియుందురు. కాని పెత్తనము అందరిదీ ఒక్క రీతిగ ఉండదు. ‘సహ’ అను మాట ఈ సత్యమునకు చోటిచ్చును. ‘సమ’ అను మాట తలుపు మూయును.

ఈ పదమును సమర్థించువారు ఒక వాదము తేవచ్చును. పంపకము సమానము కాకపోయినను రెండు పరమాణువులును చెరియొక ఎలక్ట్రాన్ తెచ్చుచున్నవి గదా, ఆ తెచ్చుట సమానమే అని వారు చెప్పవచ్చును. ఆ వాదము తరువాతి పుటలోనే వీగిపోవును. అమ్మోనియా తన ఎలక్ట్రాన్ జంటను హైడ్రోజన్ అయాన్‌తో పంచుకొని అమ్మోనియం అయానుగా మారునప్పుడు రెండు ఎలక్ట్రాన్లను నైట్రోజనే తెచ్చుచున్నది. ఈ బంధమునకు తెలుగున ‘సమన్వయ సమయోజనీయ బంధము’ అని పేరు. అసమానముగ తెచ్చిన దానికి సైతము ‘సమ’ తగిలించుటచే పైవాదమునకు ఆధారము లేకపోయినది. అంతేకాక ఏర్పడిన పిమ్మట అమ్మోనియంలోని నాలుగు బంధములును ఒక్కటే తీరువి. ఏది ఎవరు తెచ్చినదో గుర్తింపనలవి కాదు. బంధమునకు పుట్టుక గుర్తుండదు, ఉన్న స్థితియే దాని స్వరూపము. ‘దాత’, ‘గ్రహీత’ అను మాటలు ఈ సంగతిని మరుగుపరచి, దానధర్మముల కథ చెప్పుచున్నవి.

పదము పాతుకొనిపోయినది, ఇక మార్చుట కష్టము అను మాట నిజమే కావచ్చును. మార్చలేనిచో, ‘ఇచ్చట సమ అనగా సమానము కాదు, కూడి అని అర్థము’ అను ఒక్క వాక్యము పాఠపు మొదటి పుటలో ఉండవలెను.

4. ఎనిమిది అను వ్యామోహము

పదముల తరువాత వివరణ. అనేక పాఠములందు, అంతకంటె ఎక్కువగా తరగతిగదులలో, బంధమునకు చెప్పు కారణము ఇది: ప్రతి పరమాణువునకును బాహ్యకక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లు ఉండవలెనని కోరిక. సోడియం ఒకటి ఇచ్చివేయగోరును, క్లోరిన్ ఒకటి పుచ్చుకొనగోరును, ఇరువురి కోరికయు తీరును, ఉప్పు పుట్టును. కథ ఇంపుగ ఉన్నది. గుర్తుండును. కాని నిజము కాదు.

లెక్క చూచినచో సంగతి తేటపడును. ఒక మోల్ సోడియం పరమాణువుల నుండి ఎలక్ట్రాన్లను లాగుటకు 496 కిలోజౌళ్ళ శక్తి వ్యయమగును. ఆ ఎలక్ట్రాన్లను క్లోరిన్ పరమాణువులు పుచ్చుకొన్నప్పుడు వెలువడునది 349 కిలోజౌళ్ళు మాత్రమే. అనగా ఇచ్చిపుచ్చుకొనుటలో 147 కిలోజౌళ్ళ నష్టము మిగిలినది. సోడియం లోహమును విడివిడి పరమాణువులుగ చేయుటకు 107, క్లోరిన్ అణువులను విడదీయుటకు 121 కిలోజౌళ్ళు అదనపు వ్యయము. ఎనిమిదికై కోరికయే కారణమైనచో ఈ వ్యాపారము ఆదిలోనే దివాలా తీయవలెను. దానిని నిలబెట్టునది వేరొకటి. ధన, ఋణ అయాన్లు స్ఫటికములో బారులు తీరి నిలుచునప్పుడు వానిమధ్య ఆకర్షణచే 787 కిలోజౌళ్ళ శక్తి వెలువడును. జమాఖర్చులు వేయగా ఒక మోల్ ఉప్పునకు సుమారు 411 కిలోజౌళ్ళ లాభము తేలును. ఉప్పు పుట్టుటకు హేతువు ఈ మిగులే. కోరిక కాదు, అమరిక.

ఈ లెక్కలో కూడికలు, తీసివేతలు తప్ప మరేమియు లేదు. తొమ్మిదవ తరగతి విద్యార్థికి ఇది భారము కాదు. దీనిని విడిచి కథను పట్టుకొనుటవలన కలుగు నష్టము పై తరగతులలో తెలియును. బోరాన్ ట్రైఫ్లోరైడులో బోరాన్ చుట్టును ఆరు ఎలక్ట్రాన్లే కలవు. లూయిస్ పద్ధతిన గీచిన బొమ్మలో ఫాస్ఫరస్ పెంటాక్లోరైడునందు పది, సల్ఫర్ హెక్సాఫ్లోరైడునందు పండ్రెండు కనబడును. నైట్రిక్ ఆక్సైడులో మొత్తము ఎలక్ట్రాన్ల సంఖ్యయే బేసి. 1962లో నీల్ బార్ట్‌లెట్ జీనాన్‌ను సమ్మేళనముగ మార్చి చూపెను. ఎనిమిది నిండినవారు ఎవరితోను కూడరు అను నమ్మకము ఆనాటితో చెదరినది. ఐనను అనేక తెలుగు పుస్తకములలో ‘జడవాయువులు’ అను పేరు కొనసాగుచునే యున్నది. ‘ఉత్కృష్ట వాయువులు’ అను మాట పై తరగతులలో వాడుకలో ఉన్నది. దానిని క్రింది తరగతులకు దింపుటకు అభ్యంతరమేమియు కనబడదు.

అష్టక నియమము వ్యర్థమని దీని భావము కాదు. కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్‌ల విషయమున అది చక్కని గురుతు. గురుతును కారణముగ బోధించుటయే దోషము. కోడి కూసినప్పుడు తెల్లవారును. కోడి కూయుటచే తెల్లవారదు.

5. బంధమును, మోక్షమును

బంధమన్న మాట అన్ని భాషలకును ఉమ్మడి అని పైన చెప్పబడినది. ఆ మాట మోసుకొనివచ్చిన ఒక తలపును ఇచ్చట విచారింపవలెను. తెలుగు వాడుకలో బంధమునకు రెండు ముఖములు కలవు. ఒకటి బాంధవ్యము, రెండవది బంధనము. వేదాంతమున బంధము తెగినప్పుడు ముక్తి. ఈ సంస్కారముతో వచ్చిన విద్యార్థి రసాయన బంధము తెగినప్పుడు శక్తి వెలువడునని సులువుగ నమ్మును. కట్టెలలోను, గ్యాసులోను శక్తి బంధములలో బందీయై ఉన్నదనియు, మండించినప్పుడు బంధములు తెగి అది విడుదల యగుననియు చెప్పు మాటలు ఈ నమ్మకమును గట్టిపరచుచున్నవి.

వాస్తవము దీనికి సరిగ విరుద్ధము. బంధము తెంచుటకు ఎల్లప్పుడు శక్తి వ్యయము కావలెను. బంధము ఏర్పడునప్పుడే శక్తి వెలువడును. హైడ్రోజన్ మండి నీరగుటను ఉదాహరణముగ తీసికొనవచ్చును. రెండు మోళ్ళ హైడ్రోజన్‌లోని బంధములు తెంచుటకు రెండు పర్యాయములు 436, ఒక మోల్ ఆక్సిజన్ బంధములు తెంచుటకు 498, వెరసి 1370 కిలోజౌళ్ళు ఖర్చు. నీటిలో నాలుగు మోళ్ళ కొత్త బంధములు ఏర్పడుటచే, సగటున 463 చొప్పున, 1852 కిలోజౌళ్ళు రాబడి. మిగిలిన 482 కిలోజౌళ్ళు మంటయై కనబడుచున్నవి. వేడినిచ్చునది పాత బంధముల విచ్ఛేదము కాదు, వానికంటె గట్టివైన కొత్త బంధముల కూర్పు. రసాయనశాస్త్రమునకు వేదాంతపు బంధముకంటె ఇంటి బాంధవ్యమే తగిన పోలిక. ఉపాధ్యాయుడు ఈ రెంటిలో ఏది విద్యార్థి మనసున మెదలుచున్నదో కనిపెట్టి దారి చూపవలెను.

6. చదునైన బొమ్మలు

పాఠ్యగ్రంథము పుట చదునైనది. అణువు చదునైనది కాదు. మీథేనును కూడిక గుర్తువలె నాలుగు దిక్కుల గీతలతో గీచిన బొమ్మను చూచి చూచి విద్యార్థి దానిలోని కోణములు 90 డిగ్రీలని నిశ్చయించుకొనును. కార్బన్ నాలుగు బంధములు చతుర్ముఖి మూలల వైపునకు చాపి యుండునని వాంట్ హాఫ్, లె బెల్ 1874లోనే వేర్వేరుగా సూచించిరి. ఆ కోణము సుమారు 109.5 డిగ్రీలు. అమ్మోనియాలో సుమారు 107, నీటిలో 104.5. ఒంటరి ఎలక్ట్రాన్ జంటలు తక్కిన జంటలను కొంచెము నెట్టుటయే ఈ తగ్గుదలకు హేతువని 1957లో గిలెస్పీ, నైహోమ్ క్రమపరచిన సిద్ధాంతము చెప్పుచున్నది.

ఈ కోణములు పరీక్షకై వల్లించు అంకెలు కావు. కార్బన్ డయాక్సైడు తిన్నని గీత. దానిలో రెండు వైపుల లాగులును సరిసమానమై చెల్లిపోవును. నీరు కూడ అట్లే తిన్ననిదై యున్నచో దానికి ధన, ఋణ కొనలు ఏర్పడకపోవును. అప్పుడు అది ఉప్పును ఈ తీరున కరగింపజాలదు. నీటికి సోదరమైన హైడ్రోజన్ సల్ఫైడు సున్నకు దిగువ 60 డిగ్రీల వద్దనే మరగిపోవును. నీరు నూరు డిగ్రీల వరకు ద్రవముగ నిలుచుటకు దాని వంకర ఆకృతియు, దానివలన సాధ్యమైన హైడ్రోజన్ బంధములును ఆధారము. ఒక వంపులో ఇంత లోకము ఇమిడియున్నదని తెలిసిన పిల్లవాడు ఆ కోణమును మరువడు.

దీనికి విలువైన పరికరములు అక్కరలేదు. జొన్నచొప్ప బెండు ముక్కలు, చీపురుపుల్లలు చాలును. నాలుగు బుడగలను ఊది మూతులు ఒక్కచోట ముడివేసినచో అవి తమంతట తామే చతుర్ముఖి దిక్కులకు తిరుగును. ఏ భాషాపదమును అడ్డురాని బోధన అది. మాధ్యమము మారిన బిడ్డకు అన్నింటికంటె మేలుచేయు పాఠము ఇట్టిదే.

7. పదార్థము నుండి పాఠమునకు

పాఠము ఎలక్ట్రాన్ నుండి మొదలై పదార్థమునకు వచ్చుట నేటి క్రమము. తెలిసిన పదార్థము నుండి మొదలై ఎలక్ట్రానుకు పోవుట మేలైన క్రమము. తెలుగువారు స్థిరపడిన సీమలలోనే నాలుగు బంధములకును నాలుగు నిదర్శనములు ఉన్నవి.

శ్రీకాకుళం జిల్లా నౌపడ నుండి గంజాం తీరము వరకు ఉప్పుమళ్ళు కలవు. అందలి రవ్వ ఘనాకృతి కలది. 1913లో బ్రాగ్ తండ్రీకొడుకులు ఎక్సు కిరణములతో శోధింపగా, ప్రతి సోడియం అయాన్ చుట్టును ఆరు క్లోరైడు అయాన్లు, ప్రతి క్లోరైడు చుట్టును ఆరు సోడియంలు కనబడినవి. అందు ఏ సోడియమునకు ఏ క్లోరిన్ జోడియో చెప్పుటకు వీలులేదు. కావున ‘ఉప్పు అణువు’ అను మాటయే పొరబాటు. ఒక మిల్లీగ్రాము రవ్వలో సుమారు ఒకటి ప్రక్కన పందొమ్మిది సున్నలు చేర్చినన్ని జతలు కలవు. రవ్వ యంతయు ఒకే కట్టడము. సుత్తితో కొట్టినచో అయాన్ల వరుస జరిగి సజాతి ఆవేశములు ఎదురెదురై నెట్టుకొనును, రవ్వ పగులును.

కోలారు బంగారు గనులు 2001లో మూతపడినవి; కాని ఆ పేరు తెలియని తెలుగు ఇల్లు కర్ణాటకమున అరుదు. బంగారమును పదివేలవ వంతు మిల్లీమీటరు మందపు రేకుగా కొట్టవచ్చును. ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువునకును కట్టుబడక అన్నింటి నడుమ సంచరించుటచే వరుసలు జరిగినను బంధము తెగదు. సుత్తిదెబ్బకు ఉప్పు పగులుటకును, బంగారము సాగుటకును గల భేదము నుండియే అయానిక బంధమును, లోహబంధమును ఒక్క పూటలో బోధింపవచ్చును.

కృష్ణాతీరపు కొల్లూరు వజ్రములు లోకప్రసిద్ధములు. వజ్రములో ప్రతి కార్బనును నాలుగు కార్బన్లతో 154 పికోమీటర్ల దూరమున అన్ని దిక్కుల కట్టువడియున్నది. పెన్సిలులోని గ్రాఫైటు కూడ కార్బనే. అందు ఒకే పొరలో దూరము 142, పొరకును పొరకును నడుమ 335 పికోమీటర్లు. అందుకే పొరలు జారి కాగితముపై గీత పడుచున్నది. మూలకము ఒక్కటే, కూర్పు వేరు. వెల వేరు, గుణము వేరు. నిర్మాణమే గుణమునకు మూలమన్న సూత్రమునకు ఇంతకంటె నిదర్శనము లేదు.

షోలాపురమున తెలుగు పద్మశాలీలు నేతకు పేరొందిరి. పడుగునకు గంజి పట్టించుట వారికి తెలిసిన పని. నూలులోని సెల్యులోజునకును, గంజిలోని పిండిపదార్థమునకును ఆక్సిజన్-హైడ్రోజన్ గుంపులు సమృద్ధిగ కలవు. వానిమధ్య హైడ్రోజన్ బంధములు ఏర్పడి పోగులు బిగియును. నూలుబట్టపై నీరు చిలికి ఇస్త్రీ చేయునప్పుడు నీరు పాత హైడ్రోజన్ బంధములను సడలించును. వేడికి నీరు పోగా బట్ట తిన్నగ ఉన్న స్థితిలోనే కొత్త బంధములు నిలుచును. నేతగాని బిడ్డకు ఈ పాఠము ఇంటిలోనే ఆరంభమైయున్నది. దానిని పాఠ్యగ్రంథము గుర్తింపలేదు.

8. ముగింపు

ఈ పరిశీలన వలన తేలిన అంశములు ఇవి. తెలుగు పాఠములకు విషయసమృద్ధి కలదు. దోషము పదముల ఎన్నికలోను, కారణములు చెప్పు తీరులోను ఉన్నది. ‘సమ’ అను మాటకు వివరణయైనను, ‘సహ’ అను మార్పైనను కావలెను. అష్టకమునకు ముందు శక్తిలెక్క రావలెను. బంధము ఏర్పడుటయే శక్తిదాయకమని మొదటనే చెప్పవలెను. ఆకృతిని చేతితో చేయించవలెను.

బయటి రాష్ట్రముల తెలుగు సంఘములు ప్రభుత్వములకై ఎదురుచూడక చేయదగిన పని ఒకటి కలదు. పరమాణువు, అణువు, మూలకము, సమ్మేళనము, లోహము, ధాతువు, బంధము మొదలగు పాతిక మాటలకు తెలుగు, కన్నడ, తమిళ, మరాఠీ, ఒడియా రూపములను ప్రక్కప్రక్కన చేర్చి, ఎక్కడ ఒకే మాటకు అర్థము మారునో గుర్తుపెట్టి, ఒక్క పుటలో అచ్చువేసి ప్రతి ఇంటికి అందజేయవచ్చును. ఆయా ఊళ్ళలో రెండు భాషలును ఎరిగిన ఉపాధ్యాయులు దానిని సరిచూడగలరు. ఖర్చు స్వల్పము. ‘అణువు’ అన్నప్పుడు బడి ఏమి చెప్పుచున్నదో, ఇల్లు ఏమి చెప్పుచున్నదో తెలిసిన విద్యార్థి రెండు భాషలకును యజమాని యగును. ఆ పుట లేనియెడల, తన తెలుగే తన తప్పునకు కారణమని అతడు తలచి, దానిని ఇంటి గడప దాటనీయక విడిచిపెట్టును. అట్లు విడిచిన మాటలు మరల చేరుట కష్టము.